శక్తికి లెక్క కట్టిన వైద్యుడు – రాబర్టు మేయరు

జర్మనీ దేశమున నెక్కారు నదీతీరమున హైల్‌బ్రాన్ అను పట్టణము కలదు. పందొమ్మిదవ శతాబ్దిలో అది వుర్టెంబర్గు రాజ్యమునకు చెందియుండెను. ఆ పట్టణమున మందుల అంగడి నడుపుకొను ఒక గృహస్థునకు 1814 నవంబరు 25వ తేదీన మూడవ కుమారుడు జన్మించెను. అతనికి యూలియస్ రాబర్టు అని పేరు పెట్టిరి. అన్నలిద్దరును తండ్రి వృత్తినే అవలంబించిరి. మూడవవాడు వైద్యుడయ్యెను. ఈ వైద్యునకు చెప్పుకొనదగిన ప్రయోగశాల లేదు. విశ్వవిద్యాలయమున ఆచార్యపీఠము నెక్కినవాడు కాడు. గణితమున ఆయన పాండిత్యము సామాన్యము. అయినను శక్తి క్రొత్తగా పుట్టదు, నశింపదు, రూపము మాత్రమే మార్చుకొనును అను మహానియమమును, దానికొక అంకెను జతచేసి లోకమునకు తెలిపినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆ తెలిపినందులకు ఆయన చెల్లించుకొన్న మూల్యము మాత్రము సామాన్యమైనది కాదు.

రాబర్టుకు పదియేండ్ల ప్రాయమున ఒక వింత కోరిక పుట్టెను. నీటిచక్రమును ప్రవాహమున నిలిపిన అది తిరుగుచున్నది. ఆ చక్రముచేత మెలికలు తిరిగిన గొట్టమునొకదానిని త్రిప్పించి, క్రింది నీటిని మరల పైకి తోడించినచో, ఆ నీరే చక్రముపై బడి దానిని త్రిప్పును గదా! అప్పుడు ఏటితో నిమిత్తము లేకయే యంత్రము ఎల్లకాలము తిరుగును. మిగిలిన బలముతో వేఱు పనులును చేయించుకొనవచ్చును. బాలుడు ఎన్ని విధముల పండ్లచక్రములు మార్చి అమర్చినను యంత్రము ఆగిపోవుచునే యుండెను. ఒకచోట వేగము హెచ్చించిన ఇంకొకచోట బలము తగ్గుచుండెను. పడిన నీరు తాను పడినంత ఎత్తునకు తన్ను తాను ఎత్తుకొనజాలదు. ఇరుసుల రాపిడికి కొంత అప్పగింపక తప్పదు. ఇట్టి ప్రయత్నములు చేసి విసిగి విడిచిన బాలురు లోకమున వేలకొలది యుందురు. మేయరు విసుగలేదు సరికదా, ఆ ఓటమిని మనసున దాచుకొనెను. ఏమియు ఇయ్యక ఏమియు పుచ్చుకొనరాదని ప్రకృతి తనకు మొదటి పాఠము చెప్పినట్లు ఆయన పెద్దవాడైన పిమ్మట చెప్పుకొనెడివాడు.

చదువులో ఆయన నడితరపు విద్యార్థి. 1829లో షోన్‌టాల్ గ్రామమందలి వేదాంత పాఠశాలలో చేరెను. అచ్చట కలిగిన గుస్తావ్ ర్యూమెలిన్ స్నేహము జీవితాంతము నిలిచెను. 1832లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్య ప్రారంభించెను. 1837లో, నిషేధింపబడిన యొక విద్యార్థిసంఘమున చేరియున్నాడని అధికారులు ఆయనను నిర్బంధించిరి. మేయరు అన్నము మానివేసి పట్టు పట్టెను. కొన్ని దినములలో వైద్యుల మాటపై విడుదల చేసిరి గాని, ఒక యేడు విశ్వవిద్యాలయమునకు రారాదని శాసించిరి. తాను న్యాయమనుకొన్న దానికై దేహమును లెక్కచేయని స్వభావము ఈ చిన్న సంగతి యందే కనబడుచున్నది. ముందు ముందు ఇదే స్వభావము ఆయనకు బలమును ఆపదయు అయినది. 1838లో పట్టము పుచ్చుకొని, కొంతకాలము పారిస్ నగరమున వైద్యశాలలు చూచి, పిమ్మట ఎవరును ఊహింపని కొలువు సంపాదించుకొనెను. డచ్చి వర్తకనౌక యొకదానిలో వైద్యుడుగా తూర్పు దీవులకు బయలుదేరెను.

ఓడ పేరు జావా. అది పోవలసిన ద్వీపము పేరును జావాయే. ఆ దీవులు అప్పుడు డచ్చివారి యేలుబడిలో నుండెను. 1840 ఫిబ్రవరిలో రాటర్‌డాం రేవు విడిచిన ఓడ ఆఫ్రికా దక్షిణాగ్రము చుట్టి తూర్పు చేరుటకు మూడు నెలలకు మించి పట్టెను. సూయజు కాలువ అప్పటికింకను త్రవ్వబడలేదు. నావికులు ఆరోగ్యవంతులు గావున వైద్యునకు పని తక్కువ, తీరిక యెక్కువ. ఆయన తనతో తెచ్చుకొన్న శాస్త్రగ్రంథములు చదువుకొనుచు, చుక్కాని పట్టువారితో ముచ్చటించుచు కాలము గడపెను. తుపానులో అల్లకల్లోలమైన సముద్రజలము నిశ్చలజలము కంటె వెచ్చగా నుండునని ఒక నావికుడు చెప్పిన మాట ఆయన చెవిలో నాటుకొనెను.

జావా ద్వీపమున సురబయా రేవులో నుండగా కొందఱు నావికులకు జబ్బు చేసెను. ఆనాటి వైద్యపద్ధతి ననుసరించి మేయరు వారి చేతి సిరలనుండి నెత్తురు తీసెను. సిరలలోని రక్తము నల్లనెరుపుగా నుండుట ఆయన తన దేశమున నెఱిగిన విషయము. ఇచ్చట వెలువడిన నెత్తురు నిగనిగలాడు ఎఱుపు. పొరపాటున ధమనిని కోసితినా యని ఆయన ఒక్కక్షణము ఉలికిపడెను. స్థానిక వైద్యులు, వేడిదేశములలో ఇది మామూలే యనిరి. వారికి మామూలైనది ఆయనకు మామూలు కాలేదు.

దేహమందలి వేడికి కారణము ఆహారము ప్రాణవాయువుతో కలిసి మెల్లగా మండుటయే యని ఫ్రెంచి పండితుడు లావోయిజర్ అంతకు ముందే స్థాపించియుండెను. వేడిదేశమున దేహమునుండి బయటికి పోవు వేడి తక్కువ. కావున లోపల మండవలసినది తక్కువ. కావున రక్తములోని ప్రాణవాయువు తక్కువగా ఖర్చై, సిరలలోని నెత్తురు ఎఱ్ఱగానే మిగిలినది – ఇది మేయరు చేసిన ఊహ. వేడికి చర్మమందు రక్తప్రసారము హెచ్చి, అందుచే ప్రాణవాయువు ఎక్కువగా మిగులుననుట నేటి శరీరశాస్త్రజ్ఞుల మాట. అనగా మేయరు పట్టుకొన్న దారపుకొస అంత గట్టిది కాదు. కాని ఆ దారము ఆయనను చేర్చిన చోటు మాత్రము సరియైనదే.

ఎట్లనగా – మనుష్యుడు తినిన ఆహారము వలన దేహము వెచ్చబడుటయే కాదు, అతడు పనియు చేయుచున్నాడు. తిరుగలి త్రిప్పును, బరువులు మోయును. తిరుగలి రాళ్లు రాపిడికి వేడెక్కును. ఆ వేడి ఎచ్చటిది? అదియు తినిన ఆహారమునుండియే రావలెను. అట్లయిన ఆహారము జమ. దేహములోని వేడియు, బయట చేసిన పనియు ఖర్చు. ఈ రెండు ఖర్చులను కలిపి జమతో సరిచూడవలెనన్న వేడిని, పనిని ఒకే కొలతలోనికి మార్చవలెను. ధాన్యమును రూకలలోనికి మార్చక రెండు పద్దులను కూడుట యెట్లు? ఇంత పనికి ఇంత వేడి సమానము అను ఒక నిర్ణీతమైన మారకపు రేటు ప్రకృతిలో ఉండితీరవలెను. ఈ యాలోచన మేయరును ఎంతగా పట్టుకొనెననగా, అంత దూరము పోయియు ఆయన ఆ దీవుల వింతలు చూచుటకు ఆసక్తి చూపక తఱచు ఓడలోనే కూర్చుండి ఆలోచించుచుండెను. 1841 ఫిబ్రవరిలో ఓడ హాలండునకు తిరిగివచ్చెను.

ఆయన విప్పిన చిక్కుముడి ఎట్టిదో కొంచెము వివరింపవలసియున్నది. చెట్టుపై వ్రేలాడు కొబ్బరికాయను తలచుకొందము. అది కదలుట లేదు. ఏ పనియు చేయుట లేదు. అయినను తొడిమ వీడినచో అది క్రిందనున్న కుండను పగులగొట్టగలదు. ఆ సామర్థ్యము అది యున్న ఎత్తువలన వచ్చినది. ఇట్లు స్థానమును బట్టి నిలువయున్న శక్తిని నేడు స్థితిజశక్తి యనుచున్నారు. బరువును ఎత్తుతో గుణించిన దాని విలువ తేలును. కిలోగ్రాము బరువు రెండు మీటర్ల ఎత్తున నున్నను, రెండు కిలోగ్రాముల బరువు ఒక మీటరు ఎత్తున నున్నను నిలువ ఒక్కటే. కాయ పడుచున్నకొలది ఎత్తు తగ్గును, వేగము హెచ్చును. ఒకటి తరిగినంత రెండవది పెరుగును. వేగమువలన కలుగు శక్తి గతిజశక్తి. ఊయల ఒకవైపు నుండి దిగి రెండవవైపున రమారమి అంత ఎత్తునకే ఎక్కుటకు కారణమిదియే. ఇంతవరకు మేయరునకు పూర్వులైన హైగెన్సు, లైబ్నిట్జు మున్నగువారును ఎఱుగుదురు.

చిక్కంతయు కాయ నేల తాకిన తరువాత. ఎత్తు లేదు, వేగమును లేదు. నిలువ సున్న. ఆ శక్తి యేమైనది? చాలమంది పండితులు, వసూలు కాని బాకీని కొట్టివేసినట్లు, అది పోయినదని వ్రాసి ఊరకుండిరి. మేయరు కొట్టివేతకు ఒప్పుకొనలేదు. కాయయు నేలయు ఆ తాకిడికి ఇంచుక వేడెక్కినవి. పోయినదనుకొన్న మొత్తము ఆ వేడిపద్దున జమపడియున్నది అని ఆయన వాదము. కారణము ఎంతో కార్యమును అంతయే, ఉన్నది లేకపోదు. సాంఖ్యుల సత్కార్యవాదము నెఱిగినవారికి ఈ మాట వినుటకు క్రొత్త కాదు. అయితే సాంఖ్యులు దానిని కొలువలేదు, మేయరు కొలువబూనెను.

ఇంకొక సూక్ష్మమును ఆయన గ్రహించెను. భూమ్యాకర్షణము వేఱు, ఎత్తువలని శక్తి వేఱు. నేలపై పడిన రాతికి బరువు తగ్గలేదు. తగ్గినది ఎత్తు మాత్రమే. బరువు వస్తువు ననంటియుండు గుణము, వాడుకొన్న తరుగదు. ఖర్చగునది భూమికిని రాతికిని నడుమనున్న ఎడము. కావున ఎత్తబడిన బరువునకు పతనశక్తి యని ఆయన వేఱుగా పేరు పెట్టెను. 1853లో స్కాట్లండు ఇంజనీరు రాంకిన్ నేడు మనము స్థితిజశక్తి యని అనువదించుకొన్న పేరు పెట్టుటకు పదునొకండు సంవత్సరములు ముందుగానే మేయరు గ్రంథమున ఈ భేదము స్పష్టముగా కలదు.

ఇంటికి వచ్చి వైద్యవృత్తిలో కుదురుకొన్న మేయరు 1841 జూన్ మాసమున తన భావములను ఒక వ్యాసముగా వ్రాసి, బెర్లినునందు భౌతికశాస్త్రపత్రిక నడుపుచున్న పోగెండార్ఫు పండితునకు పంపెను. పత్రికాధిపతి దానిని ప్రకటింపలేదు, తిప్పి పంపలేదు, మేయరు వ్రాసిన జాబులకు బదులైనను ఇయ్యలేదు. న్యాయము చెప్పవలెనన్న ఆ వ్యాసము లోపభూయిష్టము. చలనమును కొలుచుటకు బరువును వేగవర్గముతో గుణింపవలసియుండగా ఆయన ఒట్టి వేగముతో గుణించెను. అట్టి వ్యాసమును తిరస్కరించుట తప్పు కాదు. కాని తప్పెచ్చట నున్నదో ఒక్క పంక్తి వ్రాసియుండిన ఆ యువకుడు ఎంత సంతోషించియుండెడివాడు!

మేయరు నిరాశపడక మరల విద్యార్థి యయ్యెను. గణితాధ్యాపకుడైన కార్ల్ బౌర్ అను మిత్రుని ఆశ్రయించి తన దోషములను దిద్దుకొనెను. హైడెల్‌బర్గులో యోలీ అను భౌతికశాస్త్రవేత్తను కలిసికొనగా, ఆయన, చలనము వేడిగా మాఱుటయే నిజమైనచో నీటిని కుదిపినంతనే అది వేడెక్కవలెను గదా యని ఆక్షేపించెను. మేయరు మాఱు పలుకక వెడలిపోయెను. కొన్ని వారములకు తిరిగివచ్చి, ముందువెనుక మాటలేమియు లేక, అట్లే యగుచున్నదని చెప్పెనట. యోలీకి ఆ మనుష్యుడెవడో, ఆ మాట యేమిటో జ్ఞప్తికి వచ్చుటకు కొంత సమయము పట్టెనని చెప్పుదురు. నీటిని గట్టిగా కుదిపి పండ్రెండు డిగ్రీలనుండి పదమూడు డిగ్రీలకు తెచ్చితినని మేయరు తన వ్యాసమున వ్రాసియున్నాడు. ఓడలో నావికుడు చెప్పిన మాట ఇట్లు పరీక్షకు నిలిచెను.

ఆ వ్యాసము 1842 మే నెలలో లీబిగ్, వోలర్ అను రసాయనశాస్త్రజ్ఞుల పత్రికలో వెలువడెను. మొత్తము ఎనిమిది పుటలు. చివరి పుటలలో మారకపు రేటు కలదు: ఒక బరువు నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడిచేయుటకు వలయు ఉష్ణము, అంతే బరువు 365 మీటర్ల ఎత్తునుండి పడుటవలన కలుగు శక్తికి సమానము.

ప్రయోగశాల లేని వైద్యుడు ఈ అంకెను ఎట్లు రాబట్టెను? ఇతరులు కొలిచి అచ్చువేసిన అంకెలనుండియే. మూసిన పాత్రలోని గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు కొంత ఉష్ణము చాలును. మూత పైకి జరుగగల పాత్రలో అంతే గాలిని ఒక డిగ్రీ వేడిచేయవలెనన్న ఎక్కువ ఉష్ణము కావలెను. మొదటి దానికి ఒకటియైన రెండవ దానికి 1.421 అని నాటి లెక్క. ఈ ఎక్కువ ఎందులకు? గాలి వ్యాకోచించుచు మూతపైనున్న వాతావరణపు బరువును పైకెత్తుచున్నది. ఎత్తిన బరువెంతో, ఎంత మేర ఎత్తెనో తెలియును; అధికముగా పట్టిన ఉష్ణమెంతో తెలియును. ఒకదానిని రెండవ దానిచే భాగించిన రేటు తేలును. అందఱి బల్లలమీదను పడియున్న అంకెలే ఇవి. ఎవరికిని ఈ భాగహారము తోచలేదు! నేడు కళాశాల విద్యార్థులు వాయువుల రెండు విశిష్టోష్ణములకు గల భేదమును గూర్చి మేయరు సంబంధము అని చదువుకొనునది దీనినుండి పుట్టినదే.

నిజమైన విలువ రమారమి 427 మీటర్లు. ముప్పది మీటర్ల తాటిచెట్లు పదునాలుగింటిని ఒకదానిపై నొకటి నిలిపిన ఎత్తునుండి నీరు పడిన, ఆ నీరు వేడెక్కునది ఒక్క డిగ్రీ! కాయ పడిన నేల వెచ్చనైనదని ఎవరును కనిపెట్టకపోవుటలో ఆశ్చర్యమేమున్నది? మేయరు అంకె తక్కువగుటకు కారణము ఆయన పద్ధతి కాదు. ఆయన అరువు తెచ్చుకొన్న గాలి విశిష్టోష్ణపు అంకె హెచ్చుగా నుండుట. తరువాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెన్యో ఆ విలువను సరిగా కొలిచినపుడు అదే భాగహారము 424 ప్రాంతమునకు వచ్చి చేరెను.

వ్యాసము వెలువడిన మే నెలలోనే మేయరునకు విల్‌హెల్మీన్ క్లోస్ అను కన్యతో వివాహమయ్యెను. వ్యాసమును చదివినవారు మాత్రము బహు కొద్దిమంది. 1845లో ఆయన ఇంకను పెద్ద గ్రంథము వ్రాసెను. పత్రికలవారు పుచ్చుకొనకపోగా సొంత సొమ్ముతో హైల్‌బ్రాన్‌లోనే అచ్చువేయించెను. పతనశక్తి, చలనము, ఉష్ణము, విద్యుదయస్కాంతములు, రసాయనశక్తి – ఈ రూపములన్నియు ఒకటి మరియొకటిగా మాఱునని అందు నిరూపించెను. సూర్యుని వెలుగును మొక్కలు పట్టి నిలువజేయుచున్నవనియు, ఆ నిలువనుండియే జంతువులు తమ వేడిని, బలమును తీసికొనుచున్నవనియు చెప్పెను. ఎద్దు దున్నిన చాలు వెనుక గడ్డియు, గడ్డి వెనుక సూర్యుడును ఉన్నారన్నమాట.

మఱి సూర్యునకు ఎవరిచ్చుచున్నారు? ఈ ప్రశ్నకు 1848లో ఇంకొక పుస్తకము వ్రాసెను. సూర్యుడంతయు బొగ్గే యైనచో అయిదువేల యేండ్లకు మించి మండజాలడని లెక్కకట్టి, ఆకాశమునుండి సూర్యునిపై ఎడతెగక ఉల్కలు పడుచుండుటయే ఆ వేడికి కారణమనెను. అనగా అచ్చటను పతనశక్తియే! ఈ సమాధానము నిలువలేదు. ఉదజని పరమాణువుల కేంద్రములు కలియుటవలన సూర్యుడు వెలుగుచున్నాడని ఇరువదవ శతాబ్దిలో తేలినది. కాని అదే పుస్తకమున, సముద్రపు ఆటుపోటుల రాపిడివలన భూభ్రమణము మెల్లమెల్లగా మందగించవలెనని ఆయన చెప్పినది నేటికిని సత్యము. ప్రశ్న సరియైనది, జవాబు సగము సరియైనది. ఆ కాలమున అంతకు మించి చెప్పగలిగినవాడు లేడు.

ఇంతలో ఇంగ్లండున జేమ్సు జూల్ అను బీరు బట్టీల యజమాని కుమారుడు, మేయరు సంగతి యెఱుగకయే, ఇదే రేటును చేతితో కొలుచుచుండెను. రాగిపాత్రలో నీరు పోసి, అందు తెడ్లచక్రమును అమర్చి, బయట త్రాళ్లకు వ్రేలాడు బరువులు దిగుచుండగా ఆ చక్రము తిరిగి నీటిని చిలుకునట్లు చేసెను. బరువులను ఇరువదిసార్లు దింపినను నీరు వేడెక్కునది ఫారన్‌హీటు అర డిగ్రీ ప్రాంతము మాత్రమే. ఆ కొంచెమును తప్పులేక కొలిచిన ఘనత ఆయనది. 1850లో ఆయన ప్రకటించిన విలువ మీటర్లలోనికి మార్చిన 424కు దగ్గఱ. 1847లో జర్మనీయందే ఇరువదియాఱేండ్ల సైన్యవైద్యుడు హెల్మ్‌హోల్ట్జు ఈ నియమమునకు గణితరూపము నిచ్చి చిన్న పుస్తకమును ప్రకటించెను. పోగెండార్ఫు ఆ వ్యాసమును సయితము తిరస్కరించెననుట ఇచ్చట గమనింపదగినది.

జూల్ ఫలితములు పారిస్ పరిషత్తు పత్రికలో కనబడగానే మేయరు తన 1842 నాటి వ్యాసమును జ్ఞాపకము చేయుచు ఒక లేఖ వ్రాసెను. జూల్ బదులు వ్రాసెను. మేయరు ఊహించెనే కాని ఋజువు చేయలేదని జూల్ పక్షము. వ్యాకోచమునందు ఉష్ణమంతయు బరువునెత్తుటకే ఖర్చగునని, గాలి లోలోపల కొంత మింగివేయదని చెప్పుటకు ఆధారమేమని ఆయన అడిగెను. ప్రశ్న న్యాయమైనదే. అందులకు తగిన ప్రయోగము గే-లుసాక్ ముందే చేసియుండగా, మేయరు 1842లో దానిని ఎత్తి చెప్పక 1845లో మాత్రమే చెప్పెను. వాదము ఇంతవరకు పెద్దమనుష్యుల వాదమే. 1849 మే నెలలో ఒక జర్మన్ దినపత్రికలో ట్యూబింగెన్ ఉపన్యాసకుడొకడు మేయరు సిద్ధాంతమును శాస్త్రమున నిలువని వ్యర్థప్రసంగముగా ఎగతాళి చేసెను. మేయరు పంపిన సమాధానమును ఆ పత్రిక అచ్చువేయలేదు. సొంత ఊరివారి యెదుట తలవంపులైనది. తనకు మాత్రము నోరు లేకపోయినది.

దెబ్బలు ఒక్కటిగా రాలేదు. ఆయనకు కలిగిన ఏడుగురు బిడ్డలలో అయిదుగురు పసితనముననే పోయిరి. 1848లోనే ఇద్దరు స్వల్పవ్యవధిలో మరణించిరి. ఆ కాలమున జర్మనీలో విప్లవము చెలరేగెను. మేయరు రాజపక్షము, అన్న తిరుగుబాటు పక్షము. ఒకప్పుడు తిరుగుబాటుదారులు మేయరును కొంతసేపు బంధించిరి. 1850 మే 28వ తేదీన, నిద్రలేని రాత్రి గడచిన ఉదయమున, భార్య చూచుచుండగానే ఆయన మేడకిటికీనుండి క్రిందికి దుమికెను. ఎత్తు తొమ్మిది మీటర్లు. ప్రాణము దక్కెను గాని కాళ్లు దెబ్బతినినవి. జీవితాంతము కుంటుచునే నడచెను.

తరువాత ఆయన మనోవ్యాధుల చికిత్సాలయములకు చేర్చబడెను. మొదట కొంతవఱకు తన యిష్టముననే పోయెను. పిమ్మట తన యిష్టముతో పనిలేకుండ ఉంచిరి. ఒక ప్రభుత్వాలయమున ఏడాదికి పైగా నుండెను. బిగింపుచొక్కా తొడిగిరనియు, కుర్చీకి కట్టివేసిరనియు ఆయన తరువాత ఎన్నిమార్లో చెప్పుకొని వాపోయెను. తాను ప్రకృతి నియమమునొకదానిని కనుగొంటినని రోగి యనుట, ఆ వైద్యులకు రోగలక్షణముగానే తోచెను. ఆ మాట నిజమని చెప్పగలవారు ఆ గోడలలోపల ఎవరును లేరు. 1853లో విడుదలయై ఇంటికి వచ్చినవానిని ఊరివారు జాలితో చూచిరి, కొందఱు నవ్విరి. ఆయనకు నిజముగా మనోవ్యాధి లేదనుటయు సత్యము కాదు. ఉద్రేకము హెచ్చినపుడు తరువాతి కాలమునను తానే చికిత్సకు పోవుచుండెను. కాని వ్యాధి వేఱు, సిద్ధాంతము వేఱు అని విడదీసి చూడగల వైద్యుడు ఆయనకు అప్పుడు దొరకలేదు. భార్య విల్‌హెల్మీన్ మాత్రము ఈ కష్టములన్నిటిలో ఆయనను విడువలేదు. చాల సంవత్సరములు ఆయన శాస్త్రమున ఏమియు వ్రాయక రోగులను చూచుకొనుచు మౌనముగా నుండెను.

1858లో ఒక వింత జరిగెను. మ్యూనిక్ నగరమున లీబిగ్ ఉపన్యసించుచు, ఈ మహానియమమునకు మూలపురుషుడు మేయరని శ్లాఘించి, పాపము, ఆయన పిచ్చాసుపత్రిలో మరణించెనని చెప్పెను. ఆ వార్త పత్రికలకెక్కెను. పోగెండార్ఫు కూర్చిన శాస్త్రజ్ఞుల నిఘంటువునందును ఇట్టి మాటయే చేరి, పిమ్మట సవరింపవలసివచ్చెను. బ్రతికియుండగా ఎవరును మెచ్చలేదు. మెచ్చుకొన్నప్పుడు చనిపోయినవారిలో వ్రాసికొనిరి.

ఇతడు సజీవుడని, ఇతని పని ఇంతటిదని నలుగురికి చాటినవాడు ఒక పరదేశీయుడు. లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆచార్యుడైన జాన్ టిండాల్, మేయరు రచనలకొఱకు జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లాసియస్‌ను అడిగెను. వానిలో గొప్ప విశేషమేమియు ఉండదని క్లాసియస్ మొదట వ్రాసెను. పంపుటకు ముందు తాను చదివి చూచి, తన యభిప్రాయము తప్పని వెంటనే మరల వ్రాసెను. ఇట్టి నిజాయితీ పండితులలో అరుదు. 1862 జూన్ 6వ తేదీన టిండాల్ ఉపన్యాసము చేసెను. పడు బరువులు, సూర్యుని వేడి, ఉల్కలు, ఆటుపోటులు, మొక్కలు, జంతువులు – అన్నిటిని గూర్చి చెప్పి, చివరకు తాను చెప్పినదంతయు హైల్‌బ్రాన్ వైద్యుడైన మేయరుదని ప్రకటించెను.

దీనిపై ఇంగ్లండున పెద్ద కలహము పుట్టెను. విలియం థామ్సన్, టెయిట్ అను ఉద్దండులు జూల్ పక్షమున నిలిచిరి. ఉభయపక్షముల కాగితములను శాంతముగా చూచిన తేలునది యేమనగా: నియమమును సర్వప్రకృతికి అన్వయించి, రేటును మొదట అచ్చువేసినది మేయరు, ఆ రేటు నిజమని లోకము నమ్మునట్లు ఏండ్లకొలది చేతులతో కొలిచి చూపినది జూల్, గణితమున బంధించినది హెల్మ్‌హోల్ట్జు. ఒక చిట్టాలో ముగ్గురి చేవ్రాలులుండుటకు చోటు చాలదా? హెల్మ్‌హోల్ట్జు తరువాత మేయరు ప్రాథమ్యమును బహిరంగముగా అంగీకరించెను. లండను రాయల్ సొసైటీ తన కాప్లీ పతకమును 1870లో జూల్‌నకును, 1871లో మేయరునకును ఇచ్చి న్యాయము చేసెను.

గౌరవములు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయము – ఒకనాడు ఆయనను బయటికి పంపినదియే – 1859లో గౌరవపట్టము నిచ్చియుండెను. 1867లో వుర్టెంబర్గు రాజు కులీనబిరుద మిచ్చెను. ఆ యేడే ఆయన రచనలు ఒక సంపుటముగా వెలువడెను. పారిస్ పరిషత్తు 1870లో పోన్స్లే బహుమాన మిచ్చెను. 1869లో ఇన్స్‌బ్రుక్ శాస్త్రసభలో ఆయన మాటాడుటకు లేచినపుడు శ్రోతలు ఆయనను చూచుటకే వచ్చినవారు. అప్పటికి ఆయనకు ఏబదినాలుగేండ్లు. తల నెరసినది, నడక కుంటు.

1878 మార్చి 20వ తేదీన క్షయవ్యాధిచే రాబర్టు మేయరు స్వస్థలమైన హైల్‌బ్రాన్‌లోనే మరణించెను. 1892లో ఆ పట్టణమువారు ఆయనకు శిలాపీఠముపై విగ్రహము నిలిపిరి.

పోగెండార్ఫు అంతకు ఒక యేడు ముందు, 1877లో మరణించియుండెను. ఆయన వదలిపోయిన కాగితములలో మేయరు 1841లో పంపిన మొదటి వ్యాసము దొరకెను. ముప్పదియాఱు సంవత్సరములు అది అచ్చటనే యుండెను. 1881లో దానిని, అందలి గణితదోషములతో సహా, అచ్చువేసిరి.